కడుపులో పాపకి పొగ ఎలా తగులుతుంది?

ప్రియమైన పిల్లలకు,

మీలో ఒక అమ్మాయి ఈమధ్య నాకో ప్రశ్న రాసి పంపింది. వాళ్ళ పిన్నికి ఏడో నెల. మొన్న పరీక్షకి వెళ్తే డాక్టరమ్మ "మెయిన్ రోడ్డు పక్కన ఎక్కువసేపు ఉండకు, నడవాలంటే వెనక సందుల్లో నడువు" అని చెప్పిందట. ఆ అమ్మాయికి సందేహం వచ్చింది. "తాతయ్యా, కడుపులో పాప ఇంకా ఊపిరే పీల్చదు కదా. ముక్కులోకి గాలే వెళ్ళనప్పుడు పొగ ఎలా వెళ్తుంది?"

ఎంత మంచి ప్రశ్నో! పెద్దవాళ్ళం "పొగ మంచిది కాదమ్మా" అనేసి ఊరుకుంటాం. ఎందుకు కాదో, ఎలా కాదో అడగడం ఎప్పుడో మానేశాం. అందుకే ఆ అమ్మాయి ఒక్కదానికే కాకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

నిజమే, కడుపులో ఉన్న పాప గాలి పీల్చదు. ఊపిరితిత్తుల నిండా ద్రవమే ఉంటుంది. కానీ పెరగడానికి ప్రాణవాయువు కావాలి కదా, అది అమ్మ పీల్చిన గాలిలోంచే వస్తుంది. అమ్మ ఊపిరితిత్తుల్లోంచి అమ్మ రక్తంలోకి, అక్కణ్ణుంచి మాయకి (కడుపులో పాపని అమ్మతో కలిపే అవయవం, ఇంగ్లీషులో ప్లాసెంటా), మాయ నుంచి బొడ్డుతాడు దారిన పాప రక్తంలోకి. పాప తరఫున కూడా అమ్మే ఊపిరి పీలుస్తోందన్నమాట.

మాయని మీరు ఒక జల్లెడ అనుకోండి. జల్లెడ పట్టడం చూసే ఉంటారు. మెత్తనిది కిందికి దిగుతుంది, ముతకది పైన ఉండిపోతుంది. మాయ కూడా ఇలాంటి పనే చేస్తుంది. దానికి ఒకవైపు అమ్మ రక్తం, మరోవైపు పాప రక్తం ప్రవహిస్తాయి. రెండూ నేరుగా కలవవు. ప్రాణవాయువు, పోషకాలు ఇటు దిగుతాయి. పాపకి అక్కర్లేని వ్యర్థాలు అటు వెళ్ళిపోతాయి. చాలా రకాల సూక్ష్మజీవులు అక్కడే ఆగిపోతాయి. కానీ ఎంత మంచి జల్లెడైనా తన కన్నాల కంటే సన్నగా ఉన్న దుమ్మునేం చేయగలదు చెప్పండి?

బండ్ల పొగలో ఉండేది సరిగ్గా ఆ సన్నటి దుమ్మే. ఇంజన్ల నుంచి మసి వస్తుంది, బ్రేకులూ టైర్లూ అరిగిన పొడి దానికి తోడవుతుంది. పి.ఎం. 2.5 అనే మాట వార్తల్లో వినే ఉంటారు. మిల్లీమీటరుని వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క మైక్రాన్. అలాంటివి రెండున్నర గానీ అంతకంటే తక్కువ గానీ ఉండే రేణువులని ఆ పేరుతో పిలుస్తారు. మన తల వెంట్రుక మందమే 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది! కిటికీ మీద మీరు వేలితో గీతలు గీసే దుమ్ము వేరు, ఇది వేరు. ఇది కంటికి కనపడదు, ముక్కులో ఆగదు. ఊపిరితిత్తుల చివర ఉన్న గాలితిత్తుల దాకా వెళ్ళిపోతుంది. అందులో మరీ చిన్నవి రక్తంలో కూడా కలుస్తాయి.

అవి మాయ దాటి పాపవైపు వెళ్తాయా అన్నది చాలాకాలం ఊహగానే ఉండేది. బెల్జియంలో హాసెల్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు కాన్పు తర్వాత తల్లులు ఇచ్చిన మాయలని తీసుకుని చూశారు. ప్రత్యేకమైన లేజర్ కాంతి వేస్తే నల్లటి మసి రేణువు తెల్లగా వెలుగుతుంది. ఆ వెలుగు ఆధారంగా వెతికితే, వాళ్ళు పరీక్షించిన ప్రతి మాయలోనూ పాపవైపు మసి కనిపించింది. ఎక్కువ పొగ ఉన్నచోట నివసించిన తల్లుల మాయల్లో ఎక్కువ కనిపించింది. ఈ సంగతి 2019లో ప్రచురించారు. ఆ అమ్మాయి ప్రశ్నకి ఇదే సూటి జవాబు.

అయితే జల్లెడ గురించి నేను ఇంకా చెప్పాలి. సన్నటి దుమ్ము కిందికి జారిపోవడం ఒక్కటే ఇబ్బంది కాదు. అది కన్నాల్లో ఇరుక్కుంటే మంచి పిండి కూడా సరిగా దిగదు. అమ్మ ఊపిరితిత్తుల్లో చేరిన ధూళి ఒంట్లో ఒకలాంటి వాపు పుట్టిస్తుంది. దాని ప్రభావం రక్తనాళాల మీద పడుతుంది. మాయకి అందవలసిన రక్తం తగ్గవచ్చు. పైగా పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. అది రక్తంలో ప్రాణవాయువుని మోసే హిమోగ్లోబిన్‌ని ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువుకి చోటెక్కడ? ఇలా నెలల తరబడి కొంచెం కొంచెం తక్కువ అందితే, కొందరు పాపలు తొందరపడి పుడతారు, కొందరు బరువు తక్కువగా పుడతారు. 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని కాన్పు అంటారు. రెండున్నర కిలోలకి లోపు ఉంటే తక్కువ బరువు అంటారు. అలాంటి పాపలకి ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడం కష్టం, పాలు తాగడానికి ఓపిక చాలదు, జబ్బులు తొందరగా అంటుకుంటాయి.

మీకు భయం వేయకూడదు కాబట్టి ఒక మాట. రోడ్డు పక్కన ఉన్న తల్లులకి పుట్టే పాపల్లో ఎక్కువమంది చక్కగా, ఆరోగ్యంగానే పుడతారు. మీలో కూడా అలా పుట్టినవాళ్ళు ఉండే ఉంటారు.

ఇక జల్లెడ పట్టే చేతుల సంగతి. జల్లెడ దానంతటది ఆడదు, ఎవరో ఆడించాలి. ఆ చేతుల్లో సత్తువ ఉండాలి. నా మనసులో ఎక్కువ తిరుగుతున్నది ఈ విషయమే. ఒకే రోడ్డు పక్కన, ఒకే పొగలో ఇద్దరు తల్లులు ఉన్నారనుకోండి. ఒకామెకి కడుపు నిండా తిండి ఉంది, పగలు కాసేపు పడుకోవచ్చు, ఒంట్లో నలతగా ఉంటే తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నారు. రెండో ఆమెకి రక్తం తక్కువ. నెలలు నిండేదాకా నిలబడి పనిచేస్తుంది, ఒక్క రోజు మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. అద్దె ఎలా కట్టాలా అని టెన్షన్, రాత్రంతా లారీల చప్పుడుకి నిద్ర ఉండదు. పొగ ఇద్దరికీ ఒకటే, కానీ అది చేసే నష్టం ఒకటి కాదు. పైగా చాలా ఊళ్ళలో రెండో ఆమె ఇల్లే రోడ్డుకి దగ్గరగా ఉంటుంది. చప్పుడూ పొగా ఉన్నచోట అద్దె తక్కువ కదా మరి. పొగ ఎక్కువ పడేదీ, తట్టుకునే ఓపిక తక్కువ ఉండేదీ ఆ తల్లికే.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. మా చెల్లెలు నెలలు నిండకుండానే పుట్టింది. ఎంత చిన్నగా ఉండేదంటే, నన్ను ముట్టుకోనివ్వలేదు. మా ఇల్లు కూడా ఉన్నవాళ్ళ ఇల్లేం కాదు. కాన్పు చేసిన ముసలమ్మ మా అమ్మతో "దీన్ని కింద పడుకోబెట్టకు, నీ గుండెకి ఆనించుకునే ఉంచు" అని చెప్పింది. అమ్మ పగలూ రాత్రీ అలాగే ఉంచుకుంది. మరి ఇంటి పని? ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుని వంతులు వేసుకున్నారు. అమ్మని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. కట్టెల పొగ వస్తుందని వంట ఆరుబయట చేసేవారు. నీళ్ళు తేవడం నా వంతు, చప్పుడు చేయకుండా ఉండటం కూడా నా వంతే. రెండోదే కష్టంగా ఉండేది. మా చెల్లెలు బతికింది, పెరిగింది, మనవల్ని ఎత్తింది.

ఎన్నో ఏళ్ళ తర్వాత చదివాను. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో ఎడ్గర్ రే సనాబ్రియా అనే డాక్టరు, బరువు తక్కువ పాపల్ని తల్లి ఛాతీకి నేరుగా ఆనించి ఉంచే పద్ధతి మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో వెచ్చదనం ఇచ్చే పెట్టెలు సరిపోక మొదలైన పని అది. ఇప్పుడు దాన్ని కంగారూ మదర్ కేర్ అంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థే చేయమని చెబుతోంది. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ కంటే ఎక్కువగా ఆ పొరుగింటివాళ్ళు గుర్తొచ్చారు. తల్లి పాపని గుండెకి ఆనించుకుని కూర్చోవాలంటే ఆమె పని ఇంకెవరో చేయాలి కదా. అందుకే, పాప చిన్నగా పుట్టిందని ఏ తల్లినీ "నువ్వు సరిగా చూసుకోలేదు" అని అనకండి. ఎవరైనా అంటుంటే వింటూ ఊరుకోకండి కూడా. ఆమె చేతుల్లో బరువు ఎంత ఉందో, దాన్ని పంచుకున్నవాళ్ళు ఎందరో ముందు చూడాలి.

సరే, పొగ తగ్గిస్తే నిజంగా పాపలు బాగుంటారా? బాగుంటారని రెండు చోట్ల తెలిసింది. అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో టోల్ గేట్ల దగ్గర కార్లు బారులు తీరి, ఇంజన్లు ఆపకుండా నిలబడేవి. తర్వాత ఆగకుండానే డబ్బు కట్టే ఈజీపాస్ అనే ఏర్పాటు వచ్చింది. బారులు తగ్గాయి. జానెట్ కరీ, రీడ్ వాకర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి కాన్పుల లెక్కలు తీసి 2011లో ప్రచురించారు. టోల్ గేటుకి 2 కిలోమీటర్ల లోపు ఉన్న తల్లుల్లో, దూరంగా ఉన్నవాళ్ళతో పోల్చి చూస్తే, నెలలు నిండని కాన్పులు సుమారు 11 శాతం, తక్కువ బరువు కాన్పులు సుమారు 12 శాతం తగ్గాయి. ఆ ఏర్పాటు చేసినవాళ్ళు ప్రయాణికుల సమయం ఆదా చేద్దామనుకున్నారు, అంతే. పసిపిల్లలకి అంత మేలు జరుగుతుందని ఎవరు అనుకున్నారు! రెండోది బీజింగ్. 2008లో ఒలింపిక్స్ కోసం అక్కడ వాహనాలనీ ఫ్యాక్టరీలనీ కొన్ని వారాల పాటు కట్టడి చేశారు. ఆ రోజుల్లో ఎనిమిదో నెలలో ఉన్న తల్లుల పాపలు, ముందు ఏడాదీ తర్వాతి ఏడాదీ అదే రోజుల్లో ఎనిమిదో నెలలో ఉన్నవారి కంటే సగటున 23 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు. 23 గ్రాములు ఒక పాపకి ఏపాటి అనిపిస్తుంది. కానీ అది సగటు. ఊరంతా కలిసి ఆ మాత్రం పైకి జరిగితే, అంచున ఉన్న పాపలు కొందరు గట్టెక్కుతారు.

పొగ సంగతి వదిలి, తల్లికి తిండి చూస్తే? దానికీ సాక్ష్యం ఉంది. అమెరికాలోనే 1961 నుంచి 1975 వరకు పేద కుటుంబాలకి ఆహార కూపన్లు ఇచ్చే పథకం ఒక్కో కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఒక్కోసారి మొదలైంది. కాన్పుకి ముందు చివరి మూడు నెలల్లో ఆ సాయం అందిన చోట పాపల బరువు పెరిగింది. అందరికంటే తక్కువ బరువుతో పుట్టేవారిలోనే ఎక్కువ మేలు కనిపించింది. చూశారా, పైన పోసే పిండిలో దుమ్ము తగ్గించినా మేలే, జల్లెడ పట్టే చేతికి బలం ఇచ్చినా మేలే. రెండూ చేస్తే ఎంత బాగుంటుందో నేను మీకు వేరే చెప్పాలా?

ఇంతసేపూ జల్లెడ జల్లెడ అన్నాను గానీ, ఏ జల్లెడైనా పెరుగుతుందా? మాయ పెరుగుతుంది. పాపతో పాటే పుట్టి, పాపతో పాటే నెలనెలా పెద్దదై, పాప బయటికి రాగానే తన పని అయిపోయిందని వచ్చేస్తుంది. ఇక అప్పుడు జరిగేది నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే. మొదటి ఏడుపుతో ఊపిరితిత్తుల్లోని ద్రవం ఇంకిపోతూ గాలి నిండుతుంది. అన్నాళ్ళూ ఊపిరితిత్తుల్ని తప్పించుకుని వెళ్ళిన రక్తం దారి మార్చుకుంటుంది. గుండె లోపల ఉన్న ఒక చిన్న కిటికీ మూసుకుంటుంది. ఎవరు చెప్పారు దానికి, ఇప్పుడు మూసుకో అని? శాస్త్రం ఒత్తిడి మారడం వల్ల అంటుంది, అది నిజమే. అయినా తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ తర్వాత పాప నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది. మీ అమ్మానాన్నలు నెమ్మదిగా కూర్చున్నప్పుడు తీసేది 12 నుంచి 20 సార్లే. పైగా గాలితిత్తుల్లో ఎక్కువ భాగం పుట్టాకే తయారవుతాయి. కాబట్టి పసిపాపని తోపుడుబండిలో పొగ గొట్టాల ఎత్తున రోడ్డు వెంట తిప్పకండి, ఎత్తుకోండి. వీలైతే పక్క వీధిలోంచి వెళ్ళండి. పెద్ద రోడ్డు నుంచి రెండు మూడు వందల మీటర్లు దూరం జరిగితే ఆ రోడ్డు పొగ చాలావరకు పలచబడుతుంది.

ఇప్పుడు మీకో పని. బడి వదిలే వేళ గేటు దగ్గర కాసేపు నిలబడండి. ఎన్ని బండ్లు ఆగి ఉన్నాయో, వాటిలో ఎన్నింటికి ఇంజన్ నడుస్తూనే ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. చంకలో పాపతో ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కడ నిలబడ్డారో చూడండి. వాళ్ళకి కూర్చోవడానికి చోటుందా, ఎంత దూరంలో ఉందో గమనించండి. ఇంజన్ నడుస్తున్న బండి దగ్గరికి మాత్రం మీరొక్కరే వెళ్ళకండి, ఒక టీచరుని వెంట పెట్టుకుని వెళ్ళండి. "అంకుల్, కాస్త ఇంజన్ ఆపుతారా, ఇక్కడ చిన్నపాప ఉంది" అని మర్యాదగా అడగండి. ఎవరు ఆపారో, ఎవరు ఏమన్నారో నాకు రాయండి. మీ లెక్కల కాగితం కూడా పంపండి, పంపే ముందు దాని నకలొకటి మీ హెడ్‌మాస్టరు గారికి ఇవ్వండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య