బేడ పోయింది, పావలా మిగిలింది

పాత డబ్బు మాటల్లో కొన్ని పూర్తిగా మాయమయ్యాయి, కొన్ని ఇంకా నోట్లో నానుతున్నాయి. జనం కొన్నిటిని మర్చిపోయారని సరిపెట్టుకుంటాం గానీ, అసలు కారణం చాలావరకు లెక్కల్లోనే ఉంది.

1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణీలు. రెండణాలంటే బేడ, నాలుగణాలంటే పావలా. ఆ రోజు నుంచి రూపాయి వంద నయాపైసలైంది. పాత లెక్కను కొత్తదాంట్లోకి మారిస్తే అణా ఆరుంపావు పైసలు, బేడ పన్నెండున్నర. ఆ విలువకు నాణెమే లేదు. నాలుగణాలు మాత్రం సరిగ్గా 25 పైసలు. అందుకే పావలా, అర్ధరూపాయి కొత్త నాణేల మీదికి హాయిగా ఎక్కేశాయి. బేడకు ఆ అదృష్టం లేదు. ఇప్పుడు ఆ మాట అంటే పప్పు బేడలు గుర్తొస్తాయేమో!

‘నయా’ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1964లో దాన్ని తీసేసి ఉత్త ‘పైసా’ చేశారు.

తూకాలదీ ఇలాంటి కథే. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలైంది. వీశ అంటే సుమారు 1.4 కిలోలు, మణుగుకు ఎనిమిది వీశలు. కిలోల్లోకి మారిస్తే ఏదీ పూర్తి సంఖ్యగా రాదు, దాంతో రెండూ బజారు వదిలేశాయి. బంగారం దగ్గర మాత్రం జనం వేరే దారి పట్టారు. పాత తులం 11.66 గ్రాములు. దాన్ని పది గ్రాములకు కుదించి పేరు అలాగే ఉంచుకున్నారు. అంటే తాతల నాటి తులం, ఇప్పటి తులం ఒకటి కావు.

గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి అనే ధాన్యం కొలతల వరుసలో ఇప్పటివాళ్లు ఎక్కువగా వినేది పుట్టినే, అదీ ‘పుట్టెడు దుఃఖం’లో. (‘పుట్టి మునిగింది’లోది ఇది కాదు, అది నీళ్ల మీద తిరిగే పుట్టి.)

లెక్కలో ఇమడనివాటికి మిగిలిన ఆశ్రయం నానుడే. అణా చెలామణీలోంచి పోయినా ‘పదహారణాల తెలుగు’లో ఉంది. పదహారణాలంటే నిండు రూపాయి, లోటు లేనిదని అర్థం. పదహారో వంతైన వీసం ‘వీసమెత్తు’లో దాక్కుంది. ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అనేవాళ్లకు దమ్మిడీ విలువ తెలియనక్కర్లేదు, అది బాగా చిన్నదని తెలిస్తే చాలు. తవ్వ, మానికల పేరుతో అంతగా పాతుకుపోయిన నానుడి ఏదీ లేదు, అదే వాటి కొంప ముంచిందని నా అనుమానం.

పావలా నాణెం చెలామణీ 2011 జూన్ 30తో ఆగింది. అయినా మాట పోలేదు. పల్లెల్లో వడ్డీని నెలకు వందకు ఇంత అని చెప్పుకుంటారు కాబట్టి, ఏడాదికి 3 శాతమంటే పావలా వడ్డీ. పొదుపు సంఘాల రుణాలకు ఒకప్పుడు ప్రభుత్వం పెట్టిన పథకం పేరు కూడా అదే.