ఇల్లందు ఐదుసార్లు ఎందుకు గెలిపించింది?

2025 ఫిబ్రవరిలో తెలంగాణ ముఖ్యమంత్రి ఇంటి గేటు బయట నిలబడ్డ ఒక పెద్దాయన వీడియో ఊరూరా ఫోన్లలో తిరిగింది. ఇల్లందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా చేసిన గుమ్మడి నర్సయ్యకు అపాయింట్‌మెంట్ దొరకలేదట. ఆ తర్వాత ఆయన ముఖ్యమంత్రిని కలిశారు, వార్త చల్లబడింది. జనానికి సైకిలు, ఆర్టీసీ బస్సు, నిరాడంబరత గుర్తుండిపోయాయి. ఆ ఓట్లు ఎక్కడి నుంచి వచ్చాయో అడిగినవాళ్లు తక్కువ.

ఇల్లందు ఎస్టీ రిజర్వుడు స్థానం. సింగరేణి బొగ్గు తవ్వకం 19వ శతాబ్దం చివర్లో మొదలైంది ఇక్కడే. బొగ్గుబావుల చుట్టూ అడవి, అడవిలో కోయగూడేలు, లంబాడీ తండాలు. పోడు కొట్టుకుని, అంటే అడవి నరికి సాగుచేసుకుని బతికేవాళ్లకు ఫారెస్టోళ్ల కేసులు, వేసవిలో తునికాకు కట్టకు ఎంత ఇస్తారన్న కొట్లాట. ఎం.ఎల్. (మార్క్సిస్టు-లెనినిస్టు) పార్టీలు ఈ గొడవల్లోనే పాతుకుపోయాయి. వాటిలో చండ్ర పుల్లారెడ్డి వర్గం పోరాటంతో పాటు ఎన్నికల్లోనూ నిలబడాలన్నది. కోయ బిడ్డ నర్సయ్య ఆ దారిలో వచ్చినవాడే.

1983లో రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి. ఇల్లందులో మాత్రం నర్సయ్య గెలిచారు. 1985లో, 1989లో మళ్లీ ఆయనే. 1984లో చండ్ర పుల్లారెడ్డి పోయారు, పార్టీ చీలింది, 1988లో న్యూడెమోక్రసీ అనే ఎం.ఎల్. పార్టీ ఏర్పడింది. ఇంత కల్లోలంలోనూ సీటు చేజారలేదంటే, ఓటు పార్టీ పేరుకన్నా గూడెంలో పనిచేసిన సంఘానికి పడిందని నా నమ్మకం. ఎమ్మెల్యే జీతం పార్టీకి ఇచ్చేసి, పార్టీ ఇచ్చిన దానితో బతికిన పద్ధతీ ఆ సంఘం నేర్పిందే. దాన్ని ఒక మనిషి మంచితనంగా మాత్రమే చెబితే సగం కథ పోతుంది.

1994లో ఊకె అబ్బయ్య చేతిలో ఓడారు. 1999, 2004ల్లో తిరిగి గెలిచారు. 2009లో మళ్లీ అబ్బయ్యే ఓడించారు, ఈసారి టీడీపీ నుంచి.

ఆ 2009 ఎన్నికకు ముందు నియోజకవర్గాల హద్దులే మారాయి. నర్సయ్య సొంతూరు టేకులగూడెం ఉన్న సింగరేణి మండలం, అంటే కారేపల్లి, కొత్తగా పుట్టిన వైరా నియోజకవర్గంలోకి పోయింది. 2016లో జిల్లాలు విడగొట్టాక ఇల్లందు నియోజకవర్గం మండలాల్లో ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెంలో, కామేపల్లి ఖమ్మంలో, గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో పడ్డాయి. ఒక్క ఎమ్మెల్యే, ముగ్గురు కలెక్టర్లు.

2014లో కోరం కనకయ్య, 2018లో బానోత్ హరిప్రియ కాంగ్రెస్ నుంచి గెలిచి టీఆర్ఎస్‌లో చేరారు. 2023లో కనకయ్య మళ్లీ కాంగ్రెస్ టికెట్‌పైనే గెలిచారు. పదవి పోయి దాదాపు పదహారేళ్లయ్యాక కూడా నర్సయ్య ఆ గేటు దగ్గరికి వెళ్లింది ఇల్లందు సమస్యలు చెప్పుకోవడానికే.