మారుమనస్సు ముందా, కొత్త జన్మ ముందా? డోర్ట్ తగాదా పూర్వాపరాలు

మనిషి తనంతట తానే మారుమనస్సు పొందగలడన్నది ఆర్మీనియన్ల (డచ్ వేదాంతి ఆర్మీనియస్ అనుచరుల) బోధ అని చాలామంది అనుకుంటారు. 1610లో వాళ్లు హాలండ్ పాలకులకు ఇచ్చిన విన్నపం చదివితే అది నిలవదు.

లైడెన్ విశ్వవిద్యాలయంలో 1603 నుంచి పాఠాలు చెప్పిన యాకొబస్ ఆర్మీనియస్‌కూ, సహ ఆచార్యుడు గోమారస్‌కూ ముందు నిర్ణయం (ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే నిర్ణయించడం) మీద పడేది కాదు. 1609లో ఆర్మీనియస్ చనిపోయాక, ఆయన పక్షాన నలభైమందికి పైగా పాదిర్లు ఐదు అంశాలు రాసిచ్చారు. విశ్వసించేవారిని రక్షించాలన్నదే దేవుని నిర్ణయం. క్రీస్తు అందరి కోసం చనిపోయాడు, ఫలితం విశ్వాసులకే. మూడో అంశం సూటిగా ఉంది: కృప లేనిదే, స్వేచ్ఛా చిత్తంతో మనిషి ఏ మేలూ తలచలేడు. పేచీ అంతా నాలుగోదాంట్లో ఉంది: ఆ కృపను మనిషి కాదనగలడు. విశ్వాసి జారిపోతాడా అన్న ఐదోదాన్ని తేల్చకుండా వదిలేశారు.

దీనికి రాజకీయం తోడైంది. ఆర్మీనియన్లకు అండగా నిలిచిన హాలండ్ రాజకీయ నాయకుడు ఓల్డెన్‌బార్నెఫెల్ట్‌ను 1618 ఆగస్టులో డచ్ సేనాని మౌరిస్ రాకుమారుడు నిర్బంధించాడు. నవంబరు 13న డోర్డ్రెక్ట్‌లో (అదే డోర్ట్) ఈ తగాదా తేల్చే సంఘ సభ మొదలైంది. ఇంగ్లండ్, స్విట్జర్లాండ్, జర్మన్ ప్రాంతాల ప్రతినిధులూ వచ్చారు. ఆర్మీనియన్ల నాయకుడు ఎపిస్కోపియస్ బృందాన్ని పిలిచింది చర్చకు కాదు, సంజాయిషీకి. చర్చ ఏ క్రమంలో సాగాలన్న దగ్గరే వాదం ముదిరి, 1619 జనవరి 14న అధ్యక్షుడు బోగెర్మాన్ వాళ్లను బయటికి పంపేశాడు. మే 13న ఓల్డెన్‌బార్నెఫెల్ట్ తల తెగింది. సుమారు రెండు వందలమంది పాదిర్లు పదవులు కోల్పోయారు.

సభ తీర్మానాలు మూడు, నాలుగు అంశాలను కలిపేశాయి. మూడోదాన్ని విడిగా చదివితే తప్పుపట్టడానికేమీ లేదు మరి! అసలు తేడా వరుసలో ఉంది. డోర్ట్ ప్రకారం ఆత్మ ముందు కొత్త జన్మ ఇస్తాడు, విశ్వాసమూ మారుమనస్సూ దాన్నుంచి పుడతాయి. ఆర్మీనియన్ల వరుసలో కృప ముందు మనసును కదిలిస్తుంది, దాన్ని తోసిపుచ్చనివాడు మారుమనస్సు పొంది తిరిగి జన్మిస్తాడు. అలాగని డోర్ట్ మనిషిని మొద్దుగానో రాయిగానో చూడలేదు. విశ్వసించేదీ మారుమనస్సు పొందేదీ మనిషేనని అదే తీర్మానం అంటుంది. సువార్తను అందరికీ ప్రకటించాలనీ అంటుంది. 'ఏర్పాటులో (దేవుడు ఎంచుకున్నవారిలో) ఉంటే వాడే వస్తాడు' అని బోధ ఆపేసేవాళ్లకు అక్కడ ఆధారం దొరకదు. కూటంలో చెయ్యెత్తి తీర్మానం చేసుకోవడమే రక్షణ అనుకునే రెండో పక్షం మూడో అంశాన్ని మరిచిపోతుంది. (డోర్ట్ ఐదు అంశాలను 'ట్యులిప్' (TULIP) అనే ఇంగ్లిషు మాటలోని ఐదు అక్షరాల్లో బిగించడం చాలా తర్వాతి ఇంగ్లిషు ముచ్చట, సభ పాటించిన క్రమం అది కాదు.)

ఆర్మీనియన్ ధోరణిని మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ అందుకున్నాడు. 1778లో ఏకంగా 'ఆర్మీనియన్ మ్యాగజీన్' పెట్టాడు. మెదక్‌లో పెద్ద గుడి కట్టించిన పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టే. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఆ మెథడిస్టులూ, డోర్ట్ వరుసకు దగ్గరి ప్రెస్బిటేరియన్ సంప్రదాయం వారూ ఒకే చూరు కిందికి చేరారు.