నీళ్ల కింద రెండో మనిషి

రాజమండ్రి, కొవ్వూరు రేవుల్లో ఇసుక పడవల పని చూసినవాళ్లకు ఆ ఏర్పాటు గుర్తుండే ఉంటుంది. నదిలోకి దించిన గెడ పట్టుకుని ఒకడు బకెట్‌తో బుడుంగున మునుగుతాడు. రెండోవాడు మునగడు. పడవ అంచున నిలబడి, తాడు పట్టుకుని, నీళ్లకేసి చూస్తుంటాడు. తాడు కదిలితే బకెట్ లాగుతాడు. కదలాల్సినప్పుడు కదలకపోతే, "ఏంటి బావా, మీవాడింకా తేల్లేదు?" అని పక్క పడవలోంచి కేక వినబడుతుంది.

గాలి సిలిండర్ వీపున తగిలించుకుని మునిగే స్కూబా డైవింగ్ నేర్పేవాళ్లు చెప్పేది వేరు. ఇద్దరూ కలిసి దిగాలి, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి, కలిసే పైకి రావాలి. ఆ రెండోవాణ్ణి బడ్డీ అంటారు. మొదటి పాఠంలోనే వచ్చే నియమం ఇది. అయినా ఎన్నోసార్లు దిగి ఆరితేరినవాళ్లలో కొందరు, ముక్కూ మొహం తెలియని జోడీ కంటే ఒంటరిగా వెళ్లడమే నయమంటారు. ఈ తగవు ఏళ్ల తరబడి నడుస్తోంది. రెండు పక్షాలూ మనుషుల గురించే వాదించుకుంటాయి, నీళ్ల ఊసు తక్కువ. డెల్టాలో పుట్టిపెరిగిన నాబోటివాడికి ముందుగా వచ్చే అనుమానం మాత్రం ఇంకొకటి. అసలు పక్కవాడు కనిపిస్తాడా?

ఆ సంగతికి వచ్చేముందు, నీళ్ల కింద రెండో మనిషి ఎందుకో చూద్దాం. వేసవి సెలవుల్లో కాలవల దగ్గర పిల్లలు ఎవరెంతసేపు మునిగి ఉంటారో పందెం వేసుకుంటారు. తెలివిగలవాడొకడు మునిగేముందు గబగబా, గట్టిగా ఊపిరి పీల్చి వదులుతాడు. ఆక్సిజన్ ఎక్కువ నింపుకున్నానని వాడి నమ్మకం. నిజానికి రక్తంలో ఆక్సిజన్ అప్పటికే దాదాపు నిండుగా ఉంటుంది, పెద్దగా పెరిగేదేమీ లేదు. తగ్గేది కార్బన్ డయాక్సైడ్. ఇక గాలి పీల్చాల్సిందే అన్న ఆత్రం మనకు ప్రధానంగా ఆ వాయువు పెరగడం వల్లే పుడుతుంది. దాన్ని ముందే ఊదేసుకుంటే ఆత్రం ఆలస్యంగా పుడుతుంది, ఈలోపు ఆక్సిజన్ అడుగంటుతుంది. లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి, ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ పీడనం ఇంకా పడిపోతుంది కాబట్టి చివరి రెండు మూడు మీటర్లలో స్పృహ తప్పడం ఎక్కువ. కొట్టుకోవడం, అరవడం ఏమీ ఉండవు. ఒడ్డునున్నవాళ్లు "ఎంతసేపున్నాడ్రా!" అని మెచ్చుకుంటూనే ఉంటారు. స్పృహ తప్పినవాడు తనను తాను కాపాడుకోలేడు, సాయం బయటినుంచి రావాల్సిందే.

స్కూబాలో ఊపిరి బిగబట్టకూడదు, పీలుస్తూనే ఉండాలి. 1943లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ తయారుచేసిన రెగ్యులేటర్ అనే పరికరం చేసే పని అదే. పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో గాలి ఇస్తుంది. మన పత్రికలు "ఆక్సిజన్ సిలిండర్లతో దిగారు" అని రాస్తుంటాయి గానీ, మామూలుగా అందులో ఉండేది మనం ఒడ్డున పీల్చే గాలే. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ ఆరు మీటర్లు దాటితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి నాలుగు రెట్లు. ఆ ఒత్తిడిలో నైట్రోజన్ మత్తులా పనిచేస్తుంది. కొందరికి నవ్వొస్తుంది, కొందరికి కారణం లేని భయం పుడుతుంది, కొందరికి "నాకేం, బాగానే ఉన్నాను" అన్న ధీమా వస్తుంది. ఎంత గాలి మిగిలిందో చూపే గేజ్ చూస్తారు, అంకె కనిపిస్తుంది, అదేం చెబుతోందో బుర్రకెక్కదు. దానికితోడు కష్టపడి ఈదితే, చిక్కబడ్డ గాలిని లోపలికీ బయటికీ తోయడమే పెద్ద పనవుతుంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఆయాసం, తలనొప్పి, టెన్షన్. మొదట చెడేది వివేకం. అందుకే ఇంకో బుర్ర తోడుండాలంటారు. కానీ బడ్డీ కూడా అదే లోతులో అదే గాలి పీలుస్తున్నాడు కదా, మత్తు వాడికీ ఎక్కుతుంది. బడ్డీ పద్ధతిని పొగిడేవాళ్లు ఈ ముక్క దగ్గర కాస్త గొంతు తగ్గిస్తారు.

బడ్డీతో లెక్కకు అందే లాభం గాలి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (ఒక బార్ అంటే సుమారు ఒక వాతావరణ పీడనం) ఒత్తిడితో నింపితే అది పైన 2,400 లీటర్ల గాలితో సమానం. నింపాదిగా ఉన్న డైవర్ ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే, 20 మీటర్ల లోతులో మూడు రెట్లు, అంటే 60 లీటర్లు ఖర్చవుతాయి. అత్యవసరానికి 50 బార్ మిగుల్చుకోమంటారు. అది 600 లీటర్లు. ఇప్పుడు ఒకడి గాలి ఆగిపోయింది, రెండోవాడి దగ్గర ఆ 50 బారే ఉంది. భయంతో ఇద్దరూ రెట్టింపు పీలుస్తారు. తేరుకుని, రెండో రెగ్యులేటర్ అందుకుని నోట పెట్టుకోవడానికి ఒక్క నిమిషం పట్టినా 240 లీటర్లు హరీ. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి రెండు నిమిషాల చిల్లర, దానికి మరో 350. ఇక మిగిలేది శూన్యమే. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, ఒంట్లో చేరిన నైట్రోజన్‌ను కొంత వదిలించుకుని రావడం మంచి అలవాటు. దానికి ఇంకో 360 లీటర్లు కావాలి. అవి ఎక్కడినుంచి వస్తాయి?

అదే ఒంటరిగా దిగేవాడు 3 లీటర్ల చిన్న సిలిండర్ ఇంకోటి, దాని సొంత రెగ్యులేటర్‌తో సహా, వెంట తీసుకెళ్లాడనుకోండి. 200 బార్‌తో నింపితే అదీ 600 లీటర్లే, కానీ పీల్చేది ఒక్కడే. నిమిషం తడబాటు, పైకి ప్రయాణం, మూడు నిమిషాల మజిలీ, అన్నీ కలిపి 480 లోపే. గాలి వరకు ఒంటరివాదుల మాటలో బలముంది. ఎస్‌డీఐ అనే శిక్షణ సంస్థ ఒంటరి డైవింగ్‌కే కోర్సు పెట్టింది. పాడీ సంస్థ "సెల్ఫ్ రిలయంట్ డైవర్" పేరుతో ఇలాంటిదే నేర్పుతుంది. రెండింటికీ కనీసం 100 డైవ్‌ల అనుభవం ఉండాలి. నన్నడిగితే జోడీతో దిగేవాళ్లకూ ఈ లెక్కలు రావాలి. తన గాలి తాను చూసుకోలేనివాడు పక్కవాడికి ఏం చూస్తాడు? అయితే గాలి ఒక్కటే ప్రమాదం కాదు. ఎవరో వదిలేసిన నైలాన్ వల సిలిండర్ వెనకాల, చెయ్యి అందని చోట తగులుకుంటే ఇంకో సిలిండర్ ఉండి ఏం లాభం? గుండెపోటు వచ్చినా అంతే.

ఇక మన నీళ్ల సంగతి. విశాఖ రుషికొండ దగ్గరో, అండమాన్‌లోనో, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గరో నీరు తేటగా ఉన్న రోజున పక్కవాణ్ణి చూడొచ్చు. గోదావరికి ఎర్రనీరు తగిలాక, అంటే పులసల కోసం మనం ఎదురుచూసే రోజుల్లో, మోకాలి లోతులో నిలబడ్డవాడికి తన పాదాలే కనబడవు. నీటి తేట కొలవడానికి ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కి 1865లో తెల్లటి పళ్లేన్ని తాడుతో దించి చూసే పద్ధతి పెట్టాడు. పళ్లెం ఎంత లోతులో మాయమైతే అంతవరకే ఆ నీటి తేట. ఆ కొలతలో వరద గోదావరికి వచ్చే మార్కులు చెప్పక్కర్లేదు.

నదీముఖాల దగ్గర ఇంకో తమాషా ఉంది. ఉప్పునీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు. అందుకని అంతర్వేది వైపు గానీ యానాం వైపు గానీ నది కడలిలో కలిసేచోట మంచినీరు పైపొరగా పరుచుకుంటుంది, ఉప్పునీరు అడుగునుంచి నదిలోకి చొచ్చుకొస్తుంది. సామానుతో కలిపి 100 కిలోలున్న డైవర్ ఉప్పునీటిలో మునగకుండా, తేలకుండా బరువు సరిచూసుకున్నాడనుకోండి. మంచినీటి పొరలోకి రాగానే రెండున్నర కిలోలు బరువెక్కినట్టే. పైకి వస్తున్నవాడు కాస్తా కిందికి జారతాడు. పొరకు కింద ఉన్న బడ్డీకి ఆ మార్పు ఉండదు. పైనున్న బురదపొర వెలుతురును మింగేస్తుంది కాబట్టి అడుగున నీరు తేటగా ఉన్నా చీకటే. ఇద్దరూ విడిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

బడ్డీ కనబడకపోతే ఒక నిమిషానికి మించి వెతకొద్దు, పైకి వచ్చి కలుసుకోండి అంటుంది స్కూబా పాఠం. ఎర్రనీటిలో ఆ నిమిషం తల మునగగానే మొదలవుతుంది. ఇద్దరు దిగారన్నది ఒడ్డున రాసుకున్న మాట. కింద ఇద్దరూ ఒంటరివాళ్లే.

మురికినీటిలో వృత్తిగా దిగేవాళ్లు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు. ఒకడు దిగుతాడు, వాడి ఒంటికి తాడు. కొస పట్టుకుని పైన ఒక మనిషి, టెండర్ అంటారు. అన్నీ తగిలించుకుని దిగడానికి సిద్ధంగా కూర్చున్న ఇంకో డైవర్. అమెరికా నేవీ సంకేతాల్లో టెండర్ ఒకసారి తాడు లాగితే "బాగున్నావా" అని, కిందివాడు తిరిగి ఒకసారి లాగితే "బాగున్నా" అని. కిందివాడు రెండుసార్లు లాగితే తాడు వదులు చేయమని, మూడైతే బిగించమని, నాలుగైతే పైకి లాగమని. రెండేసి చొప్పున మూడు విడతలు లాగితే "చిక్కుకున్నా, ఇంకో డైవర్ కావాలి" అని. జవాబు రాకపోతే రెండో డైవర్ ఆ తాడు వెంటే దిగుతాడు, వెతుక్కునే పనే లేదు. టెండర్‌కు నైట్రోజన్ మత్తుండదు, గడియారం కళ్లముందే ఉంటుంది. సముద్రంలో చమురు, గ్యాస్ పనులకు దిగే డైవర్లకైతే గాలి గొట్టం, మాట్లాడుకునే తీగ కూడా పైనుంచే వెళతాయి.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ పర్యాటక బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి తీసింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు అడుగుకు దిగి తాళ్లు కట్టారు. కచ్చులూరు డెల్టాకు ఎగువన ఉంది గానీ నీళ్లు అవే. ఇంతమంది గజ ఈతగాళ్లుండగా ఇన్నాళ్లెందుకని అప్పట్లో టీవీ ముందు చాలామంది విసుక్కున్నారు. నీటి వేగం రెట్టింపైతే మనిషి మీద దాని తోపుడు నాలుగింతలవుతుంది. ఎంత గజ ఈతగాడైనా బలం నాలుగింతలు పెంచుకోలేడు. వరద తీయాల్సిందే.

పక్కన మనిషి ఉండటమే ముప్పయ్యే సందర్భమూ ఉంది. "ఒకరిని కాపాడబోయి మరొకరు" అన్న వార్త వేసవిలో జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. మునుగుతున్నవాడు అందినదాన్నల్లా కిందికి తొక్కి పైకెక్కుతాడు, అది వాడి చేతిలో లేని పని. అందుకే రక్షణ శిక్షణలో వెనకనుంచి వెళ్లమంటారు. శిక్షణ లేనివాళ్లు దిగకుండా చీర, కర్ర, మూత బిగించిన ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది అందించడం మేలు.

స్కూబా మాట అటుంచితే, డెల్టాలో పనిమీద మునగాల్సి వచ్చేది చాలాసార్లు తూముల దగ్గరే. గుర్రపుడెక్క అడ్డుపడిందనో, షట్టర్ కింద దుంగ ఇరుక్కుందనో ఒకణ్ణి దించుతారు. ఎగువ నీళ్లు దిగువకంటే 2 మీటర్లు ఎత్తులో ఉన్నాయనుకోండి. అడుగున 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న సందు. దాన్ని కాలో, వీపో మూసేస్తే అక్కడ పడే ఒత్తిడి దాదాపు 180 కిలోల బరువుతో సమానం. పైనుంచి చూస్తే నీళ్లు కదలనట్టే ఉంటాయి. సందు నుంచి దూరమయ్యేకొద్దీ వేగం బాగా పడిపోతుంది కనుక దగ్గరికి వెళ్లేదాకా లాగుడు తెలియదు. పక్కన బడ్డీ ఉంటే వాడూ అందులోకే పోతాడు. తాడు పట్టి లాగాలన్నా 180 కిలోలకు ఎదురు లాగాలి, కిందివాడి ఒళ్లు తట్టుకోదు. ఇక్కడ ఉండాల్సిన రెండో మనిషి కాలవ షట్టర్లు చూసుకునే లస్కరు. రెండువైపులా నీళ్లు ఒకే మట్టానికి వచ్చాయో లేదో కర్రతో కొలిచి చూసి దింపాల్సింది, దిగినవాడు గట్టెక్కేదాకా షట్టర్ చక్రం ఎవరూ ముట్టకుండా చూడాల్సింది ఆయనే. నారుమళ్ల వేళ నీళ్లు ఆపుతామంటే రైతులు ఊరుకోరు కాబట్టి "ఒక్క నిమిషం పనేగా" అంటూ పారుతున్న నీళ్లలోకే దించుతారు. ఏటా వేసవిలో కాలవలు కట్టేసే రోజుల్లోనే ఈ పనులు పెట్టుకుంటే అసలు మునగాల్సిన అవసరమే ఉండదు.