1679ని ఎలా పేర్చాలి?

1974 నవంబరు 16న పోర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు నుంచి ఆకాశంలోకి ఒక కబురు పంపారు. గురి ఎం-13 అనే నక్షత్రాల గుంపు మీద. అది దాదాపు 25,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కబురులో మాటల్లేవు. సున్నాలు, ఒకట్లు కలిపి 1679, అంతే. మూడు నిమిషాలైనా పట్టలేదు.

అక్కడెవరో ఉండి ఈ అంకెల్ని పట్టుకున్నారనుకుందాం. గళ్ల కాగితం లాంటిదేదో తీసి వరసలుగా రాసి చూస్తారు. మరి వరసకు ఎన్ని? చివరి వరస సగంలో ఆగిపోకూడదంటే, 1679ని శేషం లేకుండా భాగించే సంఖ్య కావాలి. అంటే, మన పిల్లలు బళ్లో నేర్చుకునే కారణాంకాల జతే కావాలి.

పళ్లెంలో 12 లడ్డూలు పేర్చండి. ఒక వరసలో పన్నెండు, రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి. నాలుగు వరసల్లో మూడేసి పెడితే కొత్తదేమీ రాదు, పాత పళ్లేన్నే పక్కకు తిప్పినట్టు. జతలో చిన్నది పెరిగేకొద్దీ పెద్దది తగ్గుతూ వస్తుంది. రెండూ ఎదురుపడే చోటు ఆ సంఖ్య వర్గమూలం. అది దాటి వెతకడం వృథా శ్రమ.

41 వర్గం 1681. కాబట్టి 1679 వర్గమూలం 41కి వెంట్రుకవాసి తక్కువ. 40 దాకా చూస్తే చాలు. అందులోనూ ప్రధాన సంఖ్యల్నే చూడాలి. 2తో భాగం పోనిది 4తో ఎలా పోతుంది?

చివరి అంకె 9 కనక 2, 5 కొట్టేయొచ్చు. అంకెల మొత్తం 23 కనక 3తో పోదు. 7తో భాగిస్తే 6 మిగులుతుంది, 11తో 7, 13తో 2, 17తో 13, 19తో మళ్లీ 7. ఇక 23. ఇరవైమూడు ఏడులు 161, అది 167లోంచి పోతే 6. పక్కన 9 దించితే 69. ఇరవైమూడు మూళ్లు 69. శేషం సున్నా! జత దొరికింది: 23, 73. రెండూ ప్రధాన సంఖ్యలే, కాబట్టి 1, 1679 జతను పక్కన పెడితే ఇంకోటి లేదు.

పదిహేడో శతాబ్దంలో ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఈ జతను పైనుంచి పట్టుకునే దారి చూపాడు. 41 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వర్గంలోంచి 1679 తీసేస్తూ పోవాలి, మిగిలింది కూడా వర్గమయ్యేదాకా. 41కి 2 మిగులుతుంది, 42కి 85, 43కి 170... 48 దగ్గర 2304లోంచి తీస్తే 625. అది 25 వర్గం! రెండు వర్గాల తేడా అంటే ఆ రెండు సంఖ్యల తేడాను వాటి మొత్తంతో గుణించినట్టే: 48లోంచి 25 తీస్తే 23, కలిపితే 73. భాగహారం ఒక్కటీ చెయ్యకుండానే పని అయిపోయింది. జతలోని రెండు సంఖ్యలూ దగ్గరదగ్గరగా ఉంటే ఈ పద్ధతికి తిరుగులేదు. దూరంగా ఉంటే మాత్రం ప్రాణం తీస్తుంది.

అరెసిబో వాళ్లు ఇంకొక్క అంకె చేర్చి ఉంటే? 1680 మహా కలుపుగోలు సంఖ్య. దానికి 40 కారణాంకాలు, అంటే 20 జతలు. దానికంటే చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. ఇలా తనకన్నా చిన్నవాటన్నిటినీ మించిపోయే సంఖ్యల మీదే రామానుజన్ 1915లో పెద్ద వ్యాసం ప్రచురించాడు. కబురు 1680 అంకెలైతే, ఒంటి వరసను వదిలేసినా 19 జతలు, ఒక్కోదాన్ని నిలువుగా, అడ్డంగా పేర్చి 38 బొమ్మలు చూడాలి. ఒకటి తప్ప అన్నీ చెత్త.

1679కి ఆ బాధ లేదు. ఉన్నవి రెండే దారులు. వరసకు 73 చొప్పున పేరిస్తే చుక్కల గందరగోళం. 23 చొప్పున 73 వరసలు పేరిస్తే బొమ్మ తేలుతుంది: పైన ఒకటి నుంచి పది దాకా సంఖ్యలు, మధ్యలో డీఎన్ఏ మెలిక, దాని కింద మనిషి, అట్టడుగున టెలిస్కోపు.

నన్నడిగితే 1681 ఇంకా మేలు. 41కి జోడీ మళ్లీ 41 కనక, ఒంటి వరస కాకుండా ఒకే చతురస్రం వస్తుంది. నిలువుగా నింపినా అడ్డంగా నింపినా బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుందే గానీ చెదిరిపోదు. కాకపోతే, 23 గళ్ల సన్నటి కాగితానికి కుదిరిన మనిషిని 41 గళ్ల వెడల్పులోకి మళ్లీ గీసుకోవాలి.