ఇంటి సర్వర్‌లో వీఎం డిస్కులు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంట్లో ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్‌లో అనేక వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు డిస్కు అరిగిపోయేలోపే కరెంటో, నిండిపోయిన స్టోరేజీ పూల్ (వీఎంలన్నీ పంచుకునే డిస్కు చోటు) గానీ కొంప ముంచుతుంది. అపోహలు కూడా ఎక్కువగా ఈ రెండింటి చుట్టూనే ఉన్నాయి.

అపోహ: థిన్ పూల్ (డేటా రాసినప్పుడే చోటు కేటాయించే పూల్) 500 జీబీ అయినా ఐదు వీఎంలకు తలా 200 జీబీ ఇవ్వొచ్చు, అదే సర్దుకుంటుంది.

ఇవ్వొచ్చు. కానీ రాసిన డేటా నిజంగా 500 జీబీకి చేరిన రోజున ఆ పూల్ మీదున్న వీఎంలన్నిటికీ రాత లోపాలు మొదలవుతాయి, లోపలి ఫైల్ సిస్టమ్‌లు దెబ్బతింటాయి. తప్పు ఒక వీఎంది, శిక్ష అన్నిటికీ. హోస్ట్‌లో, అంటే వీఎంలను నడిపే అసలు కంప్యూటర్‌లో, ఎల్‌వీఎస్ (lvs) కమాండ్ ఇచ్చి డేటా శాతం, మెటా శాతం రెండూ చూడండి. మెటాడేటా (ఏ బ్లాకు ఎక్కడుందో చెప్పే లెక్క) నిండితే పూల్‌ను బాగుచేయడం ఇంకా కష్టం. 80 శాతం దాటితే మెయిల్ వచ్చేలా, నిర్ణీత వేళల్లో తనంతట తానే నడిచే చిన్న క్రాన్ స్క్రిప్టు పెట్టుకోండి.

వీఎం లోపల 80 జీబీ ఫైలు చెరిపినా పూల్‌లో చోటు రాలేదంటే, చెరిపిన సంగతి హోస్ట్‌కు తెలియలేదన్నమాట. కంట్రోలర్‌గా వర్ట్‌ఐఓ స్కజీ (VirtIO SCSI) ఎంచుకుని, డిస్కు సెట్టింగుల్లో డిస్కార్డ్ (చెరిపిన చోటును హోస్ట్‌కు తెలియనిచ్చే ఎంపిక) టిక్ పెట్టండి. వీఎంను పూర్తిగా ఆపి మళ్లీ లేపండి, లోపలి నుంచి రీబూట్ చేస్తే సరిపోదు. తర్వాత లినక్స్‌లో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ (fstrim, ఖాళీ అయిన చోటును కిందికి తెలిపే కమాండ్) నడిపి, దాని వారపు టైమర్‌ను ఆన్ చేయండి. అప్పటికీ శాతం తగ్గకపోతే పాత స్నాప్‌షాట్ (ఒకనాటి డిస్కు స్థితిని దాచి ఉంచినది) ఒకటి ఆ బ్లాకులను పట్టుకుని ఉంటుంది. దాన్ని తీసేయాలి.

అపోహ: ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా భయం లేదు.

ఇన్వర్టర్ సాధారణ మోడ్‌లో బ్యాటరీకి మారేటప్పుడు వచ్చే విరామం ఫ్యాన్లకు పట్టదు. కంప్యూటర్ పవర్ సప్లై మాత్రం నిండు లోడులో సుమారు 16 మిల్లీసెకన్లే ఓర్చుకుంటుంది. యూపీఎస్ మోడ్ ఉంటే దానికే మార్చండి. అయినా అర్ధరాత్రి బ్యాటరీ అయిపోతోందని సర్వర్‌కు చెప్పే నాథుడు ఉండడు. అందుకే యూఎస్‌బీ డేటా పోర్టున్న విడి యూపీఎస్ కొని, హోస్ట్‌లో నట్ (NUT, యూపీఎస్ స్థితిని చూసి సర్వర్‌ను ఆపే) సాఫ్ట్‌వేర్ వేయండి. ఒక్కో వీఎం ఆగడానికి ప్రాక్స్‌మాక్స్ మామూలుగా 180 సెకన్ల దాకా చూస్తుంది. కాబట్టి షట్‌డౌన్ మొదలయ్యేసరికి బ్యాటరీలో పది నిమిషాలైనా మిగిలుండాలి. ప్రతి వీఎంలో క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ (హోస్ట్ ఆజ్ఞలు అందుకునే చిన్న ప్రోగ్రాం) ఉంటే అవి మర్యాదగా ఆగుతాయి.

అపోహ: వీఎం డిస్కు క్యాష్ సెట్టింగ్‌ను రైట్‌బ్యాక్ చేస్తే వేగం ఊరికే వస్తుంది.

ఊరికే రాదు. వీఎం ఫ్లష్ (డిస్కు మీద రాసేయమనే ఆజ్ఞ) అడిగేదాకా డేటా హోస్ట్ ర్యామ్‌లోనే ఉండిపోవచ్చు, కరెంటు పోతే అదీ పోతుంది. అన్‌సేఫ్ అనే మోడ్ ఫ్లష్‌ను కూడా పట్టించుకోదు. ఓఎస్ ఇన్‌స్టాల్ చేసేంతవరకే దాన్ని వాడాలి. డేటాబేస్ ఉన్న వీఎంకు నో క్యాష్ వదిలేయండి.

అపోహ: స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే చెప్పే నివేదిక) పాస్ అంది, డిస్కు భేషుగ్గా ఉంది.

ఆ ఒక్క మాట నమ్మకండి. హార్డ్‌డిస్కుల స్మార్ట్ పట్టికలో 5, 197, 198 వరసల (పాడైన సెక్టార్ల లెక్కలు) ముడి విలువలు పెరుగుతుంటే డిస్కు మార్చే సమయం వచ్చినట్టే. 199 (డేటా బదిలీలో పొరపాట్ల లెక్క) పెరిగితే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ను. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరంలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పట్టడం తేలిక. సాటా కేబుల్ మార్చండి. ఆ అంకె మళ్లీ సున్నాకు రాదు, ఇక పెరగకుండా ఉంటే చాలు.

డిస్కును నేరుగా వీఎంకు ఇచ్చేటప్పుడు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ (sda, sdb) పేర్లు వాడకండి, రీబూట్‌లో అవి తారుమారవుతాయి. బై-ఐడీ ఫోల్డర్‌ (/dev/disk/by-id) లోని సీరియల్ నంబరున్న పేరు ఇవ్వండి.

అపోహ: రెయిడ్ (ఒకే డేటాను రెండు డిస్కుల్లో రాసే మిర్రర్ లాంటి ఏర్పాటు), స్నాప్‌షాట్ ఉన్నాయి, ఇక బ్యాకప్ ఎందుకు?

రెండూ అదే పెట్టెలో ఉంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెల్లో పైకప్పులే ఎగిరిపోయాయి. అలాంటి రోజున మిర్రర్‌లోని రెండో డిస్కు కూడా అదే నీళ్లలో తడుస్తుంది. వీజెడ్‌డంప్ (ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ పనిముట్టు) కాపీ ఒకటి బయటి డిస్కులో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉండాలి. సోంపేటలో సర్వర్ ఉంటే బొబ్బిలిలో చుట్టాలింట ఒక డిస్కు పెట్టండి. అక్టోబరు రాకముందే దాన్ని కొత్త కాపీతో మార్చండి.

ఆ కాపీ పనిచేస్తుందో లేదో కొత్త వీఎం ఐడీకి రిస్టోర్ చేసి చూడండి. ఆన్ చేసే ముందు దాని నెట్‌వర్క్ కార్డును డిస్కనెక్ట్ చేయాలి, లేకపోతే నడుస్తున్న అసలు వీఎంతో ఐపీ గొడవ వస్తుంది.