మాట రాని గుర్రం, ఊరుకోని చెవులు

2002లో డ్రీమ్‌వర్క్స్ తీసిన 'స్పిరిట్: స్టాలియన్ ఆఫ్ ది సిమరాన్' సినిమాను ఒక్కసారి సౌండ్ తీసేసి చూడండి. అమెరికా పడమటి మైదానాల్లో తిరిగే అడవి గుర్రం కథ అది. యానిమేషన్ సినిమాల్లో జంతువులు గడగడా మాట్లాడటం మామూలే కానీ, ఇందులో ఏ గుర్రమూ నోరు విప్పి మాట్లాడదు. హీరో గుర్రం మనసులో మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది, అంతే. అయినా కథ అర్థమైపోతుంది. ముక్కుపుటాలు, మెడ విసురు, అన్నిటికన్నా ముఖ్యంగా చెవులు చెప్పేస్తాయి.

నిజం గుర్రాలకూ అంతే. రెండు చెవుల్నీ విడివిడిగా తిప్పగలవు. ఒకటి ఎదురుగా ఉన్న తోడు వైపు ఉంటే, రెండోది వెనక ఏదో అలికిడి వైపు తిరిగి ఉంటుంది. రెండూ వెనక్కి వాలి తలకు అతుక్కుపోయాయంటే మాత్రం దగ్గరికి వెళ్లకండి, దానికి కోపం వచ్చింది. 2014లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు రెండు దాణా బకెట్లు పెట్టి, వాటి మధ్య గుర్రం తల ఫొటో నిలబెట్టారు. ఫొటోలోని గుర్రం ఒక బకెట్ వైపు చూస్తోంది. గుర్రాన్ని వదిలితే అది ఎక్కువగా ఆ బకెట్ దగ్గరికే వెళ్లింది. ఫొటోలో కళ్లు కప్పేసినా, చెవులు కప్పేసినా అంత బాగా పోల్చుకోలేకపోయింది. అంటే గుర్రానికి తోటి గుర్రం చెవి కూడా చూపే! మరుసటి ఏడాది ఆ యూనివర్సిటీ వాళ్లే గుర్రం ముఖంలో 17 రకాల కదలికలు గుర్తించారు. మనిషికి 27, చింపాంజీకి 13.

సినిమాలో గుర్రాలకు మనుషుల్లా కనుబొమలు గీశారు. అవి నిజానికి ఉండవు. కానీ గుర్రం కంటి పైన చర్మాన్ని ముడిచి పైకి లేపుతుంది, కాబట్టి అది పూర్తిగా కల్పన కాదు. మందకు ఎప్పుడూ మగ గుర్రమే ముందు నడుస్తుందన్నది మాత్రం సినిమా ముచ్చటే. చాలాసార్లు ఆడ గుర్రం దారి తీస్తుంది, మగది వెనక కాపలా కాస్తూ వస్తుంది.

ముస్టాంగ్‌లనే ఈ అమెరికా అడవి గుర్రాలు స్పానిష్‌వాళ్లు తెచ్చిన మచ్చిక గుర్రాల సంతతి, తప్పించుకుపోయి మళ్లీ అడవి పట్టాయి. 1519లో స్పానిష్ సేనాని కోర్టెస్ మెక్సికోలో దిగినప్పుడు వెంట తెచ్చింది 16 గుర్రాలనే. అందుకే వీటిని పరాయి జంతువులనేవాళ్లు ఉన్నారు. ఇవి తిరిగే ఎండు నేలల్లో గడ్డి, నీళ్ల కొరత నిజమే గానీ, ఆ మాట నాకు మింగుడుపడదు. గుర్రం వంశం పెరిగిందే ఉత్తర అమెరికాలో. అక్కడి నుంచి ఆసియాకు దాటింది. సుమారు 10 వేల ఏళ్ల కిందట పుట్టింట్లో మాత్రం అంతరించిపోయింది.

యానిమేటర్లు బొమ్మలు గీయడానికి ఎదురుగా పెట్టుకున్నది డోనర్ అనే మగ గుర్రాన్ని, ముస్టాంగ్‌లలో కైగర్ జాతిది. ఆ జాతి మందలు ఒరెగాన్ రాష్ట్రంలో తిరుగుతాయి. అదే ఒరెగాన్‌లో, జాన్ డే లోయ రాళ్లలో, గొర్రె కన్నా పెద్దగా లేని మూడు వేళ్ల ప్రాచీన గుర్రాల ఎముకలు దొరికాయి.